వేలు ఆగే చోటు

ఆ పొద్దున ఆకాశం తెల్లగానూ లేదు, నీలంగానూ లేదు. జొన్నపిండి జల్లిస్తుంటే గాలిలో తేలే దుమ్ము రంగులో ఉంది. రాత్రంతా ఇసుకను ఎత్తిపోసిన గాలి తెల్లవారేసరికి అలిసిపోయి ఊరుకుంది. సూర్యుడు వచ్చాడని ఎవరైనా చెబితే నమ్మాలి తప్ప కంటికి ఆనడం లేదు. ఐన్ ఖాలిద్‌లోని ఆ పెద్ద విల్లా గేటు దగ్గర కారు అద్దాల మీది ఇసుక దులుపుతూ, ఈ పొద్దు అందరమూ బాబా మాదిరే అనుకున్నాడు నారాయణప్ప.

నారాయణప్పది రాయచోటి దగ్గర పల్లె. ఈ అరబ్బు దేశానికి వచ్చి ఆ ఇంట్లో డ్రైవరుగా చేరి పద్నాలుగేళ్లయింది. బాబా ఆ ఇంటి పెద్దాయన, యజమాని జాసిమ్‌కు తండ్రి. ఆరేళ్ల కిందట ఆయనకు రెండు కళ్లూ పోయాయి. కళ్లు పోయినా పెత్తనం పోలేదు. మేడ మీద చలవరాతి గదులు ఎన్ని ఉన్నా గేటు పక్కనున్న ఒంటి గదే తనదన్నాడు. మంచానికీ గోడకూ మధ్య ఎన్ని అడుగులో, నీళ్ల చెంబు ఎక్కడుంటుందో, గడియ ఎంత ఎత్తులో ఉందో ఆయన వేళ్లకు తెలుసు. ఎవరూ పట్టుకుని నడిపించనక్కరలేదు. నడిపించబోతే ఊరుకోడు కూడా.

ఆ గదిలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది. వెంటనే బాబా కేక.

"నారాయణ్!"

తుడుపుగుడ్డ భుజాన వేసుకుని పరుగెత్తాడు నారాయణప్ప. ఆ పొద్దుటికి అది నాలుగోసారి.

గదిలో బల్ల మీద నల్లటి డబ్బా ఉంది. ఊరగాయ జాడీ అంత ఉంటుంది. ఒంటికి గుడ్డ చుట్టినట్టు గరుకుగా ఉన్నా, మూత మాత్రం నున్నటి అద్దం. ఆ అద్దం లోపల తెల్లటి గుర్తులు వెలుగుతుంటాయి. పాట మొదలుపెట్టడానికీ ఆపడానికీ నడుమ ఒకటి. ముందు పాటకు ఒకటి, వెనక పాటకు ఒకటి. గొంతు పెంచడానికీ తగ్గించడానికీ రెండు. అంచున ఇంకొకటి, ఫోనుతో కలపడానికట. కళ్లున్నవాడికి అవి గుర్తులు. వేలికి మాత్రం నీళ్ల మీద వేలు పెట్టినట్టే.

అంతకుముందు బాబా దగ్గర పాత క్యాసెట్ పెట్టె ఉండేది. దాని మీటలు పలువరసలా పైకి లేచి ఉండేవి. నొక్కితే టక్కుమనేది. బాబా అన్నగారు వయసులో ముత్యాల వేటకు పోయే పడవల మీద పాడేవాడట. ముసలితనంలో ఆయన చేత మళ్లీ పాడించి పద్నాలుగు క్యాసెట్లు నింపుకున్నాడు బాబా. అన్న పోయాడు, పాటలు మిగిలాయి. మొన్నటి ఎండాకాలంలో పెట్టె పోయింది. బాగుచేసేవాడు దొరకలేదు. జాసిమ్ చెడ్డవాడేమీ కాదు. క్యాసెట్లన్నీ ఎవరి చేతో ఈ డబ్బాలోకి ఎక్కించాడు. మొదట ఖురాన్ పఠనం, ఆ వెనక పెదనాన్న పాటలు. తెచ్చి బల్ల మీద పెట్టి, "బాబా, ఇక ఊరికే తాకితే చాలు" అన్నాడు.

ఆ ఊరికే తాకితే చాలన్నదే కొంప ముంచింది. కళ్లు లేనివాడు ముందు తడిమి చూస్తాడు, తర్వాత నొక్కుతాడు. తడమడం వేరు, నొక్కడం వేరు అని ఆ డబ్బాకు తెలియదు. బాబా వేలు నడిమి గుర్తును వెతుక్కుంటూ పోయేలోపల పాట మారిపోతుంది, గొంతు చెవులు పగిలేలా లేస్తుంది, చివరకు అంచు గుర్తు తగిలి ఆ ఆడగొంతు ఫోను కోసం ఎదురుచూస్తున్నానంటుంది. ఇక అంతే. పాట లేదు, మాట లేదు.

నోటితో చెప్పినా వింటుందన్నాడు జాసిమ్. వింటుంది, ఇంగ్లీషులో చెబితే. బాబా అరబ్బీలో మర్యాదగా చెప్పాడు, గట్టిగా చెప్పాడు, తిట్టి చెప్పాడు. ప్రతిసారీ అది క్షమించమంది.

"నా ఇంట్లో కూర్చుంది, నా మాట అర్థం కాదంటోంది" అన్నాడు బాబా. "పైగా క్షమించాలట. ఎన్నిసార్లు క్షమించాలి నారాయణ్?"

నారాయణప్ప నడిమి గుర్తు నొక్కి పాట పెట్టి బయటికి వచ్చేసరికి జాసిమ్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రపంచ కప్పుకు ఇంకా మూడేళ్లున్నా ఊరంతా తవ్వి పోస్తున్న రోజులవి. జాసిమ్ ఆ రోడ్ల పనిలోనే ఇంజనీరు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"తెల్లారేలోపల నన్ను మూడుసార్లు లేపాడు" అన్నాడు. "ఒక చిన్న డబ్బా నడుపుకోలేని మనిషి ఒంటరిగా ఎట్లా ఉంటాడు? రేపు పడిపోతే? శుక్రవారం దాకా చూస్తాను. నమాజు నుంచి వచ్చేసరికి తానే పాట పెట్టుకుంటే సరి. లేదంటే మేడ మీదికి మారుస్తాను. రాత్రింబవళ్లు నర్సు ఉంటుంది. అప్పుడు నీ దగ్గరున్న ఈ గది తాళం నాకు ఇచ్చెయ్యి."

కిటికీ తలుపు మూసే ఉంది. కానీ బాబా చెవులకు తలుపులు అడ్డం కావు. లోపల పాట ఆగిపోయింది. డబ్బా ఆడగొంతు క్షమించమంది.

*

వంటింట్లో శ్యామల ఉల్లిపాయలు తరుగుతోంది. రాజోలు మనిషి. ఆ ఇంట్లో వంటకు చేరి నాలుగేళ్లు.

"ఏంటండీ నారాయణప్పగారూ, పొద్దుటే ఆ మొహం?"

"ఏం జెప్పేది తల్లీ. ఆ డబ్బా చేసినోడు నా చేతికి దొరికితే, వాని కండ్లకు గంతలు గట్టి ఆ బల్ల ముందర కూచోబెడుదును."

సంగతంతా విని ఆవిడ కత్తి కింద పెట్టింది. లోపలికి వెళ్లి స్టిక్కర్ బొట్ల అట్టలు రెండు తెచ్చింది.

"ఇవి అంటించండి. నడిమిదానికి పెద్ద బొట్టు, పక్కవాటికి చిన్నవి. చేతికి తగుల్తాయి కదా."

బంగారంలాంటి ఉపాయం అనుకున్నాడు నారాయణప్ప. పెద్దబొట్లు, చిన్నబొట్లు వరసగా అంటించాడు. పేరంటానికి బయలుదేరినట్టు తయారైంది డబ్బా. బాబా వేలు పోయి సూటిగా పెద్దబొట్టు మీద ఆగింది. నొక్కాడు. ఏమీ లేదు. గట్టిగా నొక్కాడు. ఏమీ లేదు. బొట్టు ఉన్నచోట అద్దానికి వేలు తెలియడం లేదు. బొట్టు లేనిచోట వేలికి అద్దం తెలియడం లేదు. చిరాకెత్తి అరచేతితో చరిచాడు. ఆడగొంతు ఫోను కోసం ఎదురుచూసింది.

"ఏం అంటించావు దీనికి?"

"మా ఆడవాళ్లు నుదుటికి పెట్టుకునేవి బాబా."

"దీనికి నుదురెక్కడిది? దీనికి బుద్ధే లేదు."

ఆ పూట అన్నం వద్దన్నాడు.

*

మర్నాడు పిల్లల్ని బడిలో దింపి అటునుంచి అటే అల్ హిలాల్ బజారుకు పోయాడు నారాయణప్ప. అక్కడ పాటల పెట్టెల దుకాణం నడిపే ఖుత్బుద్దీన్ హైదరాబాదు మనిషి. డబ్బాలోని పాటలు ఇంకో పెట్టెలోకి ఎక్కించడం పెద్ద పనేం కాదన్నాడు. మీటలున్న పెట్టె మాత్రం లేదన్నాడు. అరల మీద ఉన్నవన్నీ ఒక తల్లి పిల్లల్లా నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి.

"బటన్ల మాల్ మాఫీ, లేనే లేదు నారాయణ భాయ్. ఎవలూ అడుగుతలేరు. అంతా టచ్. చూడు, ఎంత ఖూబ్‌సూరత్ ఉన్నదో."

"కండ్లు లేనోళ్లు యేం జెయ్యాల?"

"వాళ్లకు పక్కన మనిషి ఉంటడు గద."

నారాయణప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి కండ్లుండేటోళ్లకు ఆ గుర్తుల కింద లైటు దేనికప్పా? వాళ్లకు గూడా పక్కన మనిషి ఉంటాడు గదా, యాడ నొక్కాలో చెప్తాడు. లైటు తీసేయమను."

ఖుత్బుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. చాయ్ తాగిపొమ్మన్నాడు. నారాయణప్ప తాగలేదు.

అల్ తుమామా మీదుగా వెనక్కు వస్తుంటే రోడ్డు మళ్లించి ఉంది. నిన్న లేని అడ్డం ఈ రోజు ఉంది. స్టేడియం చుట్టూ క్రేన్లు. టోపీలు పెట్టుకున్న మనుషులు మధ్యాహ్నం విరామానికి బయటికి వస్తున్నారు. ఆ గుంపులో గంగన్న కనబడ్డాడు. జగిత్యాల దిక్కు మనిషి. పక్కన కడుతున్న మరో భవనంలో స్లాబులకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ వడ్రంగి. ప్రతి శుక్రవారం ఐన్ ఖాలిద్ కూరల అంగడి ముందు ఇద్దరూ కలుస్తారు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటారు. అట్లా ఏర్పడిన స్నేహం.

"ఏందే నారాయణన్నా, మొకం గట్ల వెట్టినవ్? సేఠ్ కొట్టిండా?"

"కొట్టినా బాగుండు. ఒక డబ్బా నా పానం తీస్తాంది."

టీ కొట్టు నీడలో నిలబడి అంతా చెప్పాడు. అద్దం మీద కాగితం పెట్టి గుర్తులు గీసుకున్నది జేబులో ఉంటే తీసి చూపించాడు. గంగన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతనికి రాతకోతలు అంతంతమాత్రం. గీతలు మాత్రం బాగా తెలుసు.

"గింతేనా? స్లాబు పోసేటప్పుడు పైపు పోయే కాడ కంక్రీట్ నిండద్దంటే ఏం జేస్తం? ముందే చెక్క పెట్టి పైపు పట్టేంత బొంద ఇడుస్తం. గిది గుడ గంతే. అద్దం మీద మందంగ ఏదన్న ఒకటి పరుచు. గుర్తు ఉన్నకాడ బొంద ఇడువు. వేలు మందం మీద ఎంత తిరిగినా ఏం గాదు. బొందల దిగితేనే పని."

నారాయణప్ప చేతిలోని టీ చల్లారిపోతోంది.

"నీ నోట్లో చక్కెర పొయ్య గంగన్నా! ఇంజనీర్లకు తట్టలేదు గదప్పా ఈ మాట."

"ఇంజనీర్లు బొందల పడరు గద. పడేది మేము." గంగన్న నవ్వాడు. "రబ్బరు అయితె మంచిది. కత్తికి తెగుతది, అద్దానికి గీత వడదు. నా పెట్టెల కొత్త హవాయి చెప్పులున్నయ్, కాలు గుడ పెట్టలే. దానిది కోస్త. రేపు డ్యూటి దిగంగనె ఇస్త."

ఆ మాట నారాయణప్ప చెవిన పడింది. రబ్బరన్నది మాత్రమే మనసుకెక్కింది.

*

గురువారం సాయంత్రం తెచ్చి అతికించాడు. పనితనమంటే గంగన్నదే. అద్దానికి అద్దమంత గుండ్రంగా, పైన తెల్లగా, కింద నీలంగా వేలెడు మందాన ఉంది రబ్బరు. నడిమి బొంద పెద్దది, పక్కవి చిన్నవి. ఫోను గుర్తు ఉన్నచోట బొందే లేదు. దాన్ని పూర్తిగా కప్పేశాడు. ముందు నారాయణప్ప కళ్లు మూసుకుని చూశాడు. వేలు అంచు పట్టుకుని నడిచింది, బొందలో దిగింది, పాట వచ్చింది. మళ్లీ చూశాడు. మళ్లీ వచ్చింది.

బాబాను పిలిచాడు. బాబా నమ్మకం లేకుండానే చెయ్యి చాపాడు. వేళ్లు రబ్బరు మీద చీమల్లా తిరిగాయి. ఎంత తిరిగినా డబ్బా కిక్కురుమనలేదు. ఆయన కనుబొమలు లేచాయి. నడిమి బొంద దొరికింది. వేలు దించాడు. ఖురాన్ పఠనం మొదలైంది. కాసేపు తల వంచుకుని విన్నాడు. తర్వాత పక్క బొంద వెతికి దిగాడు. డప్పు మోతా, చప్పట్లూ, వాటి నడుమ ఒక ముసలి గొంతూ లేచింది. బాబా మంచం మీద కూలబడి మోకాలి మీద చేత్తో తాళం వేశాడు. అంత తేలికైన ముఖం నారాయణప్ప ఈ మధ్య చూడలేదు.

శ్యామల టీ పళ్లెంతో వచ్చింది. డబ్బాను చూసింది. పళ్లెం బల్ల మీద పెట్టి, వంగి మరీ చూసింది. నారాయణప్ప చొక్కా పట్టి గుమ్మం బయటికి లాగింది.

"అది హవాయి చెప్పు కదండీ!"

"కొత్తది తల్లీ..."

"కొత్తదైతే? ఆయ్, మన దేవుడి పటానికి కొత్త చెప్పు ఫ్రేము కట్టిస్తారా మీరు? అందులోంచి ఖురాను వస్తందండి! వీళ్ల ముందు కూర్చుని అరికాలు చూపిస్తేనే తప్పంటారు. చినబాబుగారు చూశారంటే మనిద్దరికీ రేపే టిక్కెట్టు!"

నారాయణప్ప తొంగి చూశాడు. పక్కవైపు నుంచి చూస్తే చెప్పు అడుగు అలల గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. పట్టీ దూర్చే బొందనే పెద్దది చేసి నడిమి బొందగా మలిచాడు గంగన్న. కళ్లున్నవాడెవడైనా ఒక్క చూపుకే పట్టేస్తాడు. పద్నాలుగేళ్లు ఈ ఇంట్లో చెప్పులు గుమ్మం బయట విడిచి నడిచిన మనిషి, దాన్ని నెత్తిన పెట్టుకుని లోపలికి తెచ్చాడు.

"ఊరకుండచ్చు గదా" అన్నాడు తనలో తాను. "ఆయనకు కనబడదు గదా."

అన్న తర్వాత ఆ మాట తనకే చేదుగా తగిలింది. కనబడదు గదా అన్నవాళ్లే ఆ డబ్బాను చేసిందీ, అమ్మిందీ, కొన్నదీ.

లోపలికి వెళ్లి బాబా ముందు నిలబడ్డాడు.

"బాబా, తప్పయింది. ఆ రబ్బరు చెప్పు అడుగు. కొత్తదే, ఎవరూ తొడగలేదు. అయినా చెప్పే."

మోకాలి మీది తాళం ఆగింది. బాబా లేచి డబ్బా దగ్గరికి పోయి, బొందలో వేలు పెట్టి పాట ఆపాడు. ఆ వేలును జుబ్బాకు తుడుచుకున్నాడు.

"దీంట్లోంచి ఏం వస్తుందో తెలుసా నీకు?"

"తెలుసు బాబా."

"తెలిసే పెట్టావా?"

"తట్టలేదు. పని జరగాలన్న తొందరలో తట్టలేదు. మా దేవుడి దగ్గర కూడా పెట్టం."

"పీకెయ్."

పీకేశాడు. బాబా చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నారాయణప్ప అట్లాగే నిలబడ్డాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. రేపు శుక్రవారం.

"నారాయణ్."

"బాబా."

"మా అన్న పడవ దేనితో కట్టారో తెలుసా?"

"తెలియదు బాబా."

"చెక్కతో. చెప్పులతో కాదు" అన్నాడు బాబా. "బొందలు కుదిరాయి. ఆ కొలత పారెయ్యకు."

*

శుక్రవారం గంగన్నకు సెలవు. పొద్దున్నే షట్టరింగ్ చెక్క ముక్కలు నాలుగు, రంపం, ఆకురాయి, గరుకు కాగితం సంచిలో వేసుకుని వచ్చాడు. గేటు దగ్గరే రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చెయ్యమని చెప్పన్నా. పెద్ద మనిషికి గట్ల చేస్తనా నేను? దిమాగ్ పని చెయ్యలే."

బాబా వినీ విననట్టు చెయ్యి చాపాడు. చెక్క ఇమ్మన్నాడు. వాసన చూశాడు. సరేనన్నట్టు వెనక్కిచ్చాడు.

గుమ్మం ముందు నేల మీద పని మొదలైంది. కోయడం ఒక ఎత్తు, నునుపు చేయడం ఒక ఎత్తు. గంగన్న అయిందన్న ప్రతిసారీ బాబా చేతికి తీసుకుని అంచంతా తడిమి, ఒకచోట గోరు ఆపి, "ఇక్కడ" అనేవాడు. కంటికి ఏమీ కనబడదు. వేలు పెట్టి చూస్తే సన్నటి పేడు తగులుతుంది. గంగన్న మళ్లీ రుద్దేవాడు. అట్లా నాలుగుసార్లు.

"ఇంత చెకింగ్ మా సైటుల ఇంజనీర్ గుడ చెయ్యడే" అన్నాడు గంగన్న చెమట తుడుచుకుంటూ.

ఏమన్నాడని అడిగాడు బాబా. నారాయణప్ప చెప్పాడు.

"ఇంజనీర్లకు కళ్లుంటాయి" అన్నాడు బాబా. "అదే వాళ్ల జబ్బు. మా ఇంట్లోనూ ఒకడున్నాడు."

వంటింటి గుమ్మంలో శ్యామల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నమాజుకు పిలుపు వచ్చేసరికి చెక్కను ఇంకా అతికించలేదు. జాసిమ్ వచ్చి తండ్రిని మసీదుకు తీసుకుపోయాడు. పోతూ గుమ్మం ముందున్న రంపపు పొట్టు వైపు చూసి పెదవి విరిచాడు. వాళ్లు తిరిగి వచ్చేసరికి పొట్టు ఊడ్చి ఉంది. చెక్క డబ్బా నెత్తిన కూర్చుని ఉంది. నేల మీద చాప పరిచి ఉంది. అన్నం మీద చేప పెట్టిన పెద్ద పళ్లెం నడుమ ఉంది. అన్నం తన గదిలోకే తెమ్మని, ఎవ్వరూ ఎటూ పోవద్దని బాబా పొద్దునే శ్యామలకు చెప్పి ఉంచాడు.

జాసిమ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. నారాయణప్ప గది తాళంచెవి జేబులోంచి తీసి అరచేతిలో పట్టుకున్నాడు. అడిగితే ఇవ్వడానికి.

బాబా ఎవరి వైపూ తిరగలేదు. చేతికర్ర గోడకు ఆనించి బల్ల దగ్గరికి పోయాడు. వేళ్లు చెక్క అంచు పట్టుకున్నాయి. తొందర లేదు. ఒక బొంద దాటాయి, రెండోది దాటాయి. వెనక్కి వచ్చి నడుమ ఆగాయి. దిగాయి. ఖురాన్ పఠనం గదిలో నిండింది. అది ముగిసేదాకా అందరూ నిలబడే ఉన్నారు. తర్వాత పక్క బొందలో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు దిగింది వేలు. మొదటి పాట వద్దు, రెండోది వద్దు, మూడోది కావాలి. డప్పు మోగింది. గొంతు లేచింది. పెదనాన్న గొంతు విన్న జాసిమ్ తల కొంచెం పక్కకు తిరిగింది.

పాట సగంలో ఉండగా బాబా నడిమి బొందలో వేలు పెట్టి ఆపేశాడు. గది ఒక్కసారిగా ఖాళీ అయింది.

"తినేటప్పుడు పాట ఏమిటి" అన్నాడు. "యల్లా, ఇక కూర్చోండి."

ముందు తాను కూర్చున్నాడు. నారాయణప్ప కూర్చున్నాడు. ఒకే పళ్లెమా అన్నట్టు చూసిన గంగన్న తొడ గిల్లాడు. గంగన్న మోకాళ్లు ముడుచుకుని సర్దుకున్నాడు. శ్యామల తన అన్నం గిన్నెలో పెట్టుకుని గుమ్మం పక్కన పీట వేసుకుంది. జాసిమ్ కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, ఇస్త్రీ చేసిన తెల్లటి దుస్తులతోనే తండ్రి పక్కన కూర్చున్నాడు. తాళం అడగలేదు. నారాయణప్ప దాన్ని చాప మీద పెట్టాడు. అది బాబా మోకాలి పక్కన ఉండిపోయింది.

బాబా వేళ్లు చేప వెన్ను వెంబడి నడిచాయి. ముళ్లు ఒక్కొక్కటీ వాటంతటవే వచ్చేసినట్టు వచ్చాయి. ముల్లు లేని ముక్కను ఆయన పళ్లెం మీదుగా గంగన్న వైపు జరిపాడు. గంగన్న దాన్ని అన్నంలో కలుపుకున్నాడు.